అమ్మ వల, నా వల

మా అమ్మ చేతులు మోచేతుల దాకా తంగేడు చెక్క రంగులో ఉండేవి. ఎంత రుద్దినా ఆ రంగు పోయేది కాదు. పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు మిగతా ఆడవాళ్ళు గాజులు సర్దుకునేవారు, మా అమ్మ పైట చెంగులో చేతులు దాచుకునేది. దాచుకునేదని నేననుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే ఆమె దాచుకోలేదేమో, నేనే దాచుకోమని కళ్ళతో చెప్పేవాణ్ణేమో.

మాది విశాఖపట్నంలో సముద్రం ఒడ్డున జాలర్ల పేట. డెబ్భైల మొదట్లో ఇంకా చాలా ఇళ్ళలో నూలు వలలే ఉండేవి. నూలు కొనడం, కండెలు చుట్టడం, వెదురు సూదితో కన్ను తరవాత కన్ను అల్లడం, అన్నీ ఆడవాళ్ళ పని. నూలు వలకు ఉప్పునీరు శత్రువు. వారానికీ పది రోజులకీ పెద్ద గంగాళంలో తంగేడు చెక్క ఉడకబెట్టి, ఆ కషాయంలో వల ముంచి తీసి, ఇసుక మీద ఆరబెట్టాలి. లేకపోతే ఒక్క వర్షాకాలానికే పీచు పీచైపోతుంది. ఎంత కాపాడుకున్నా రెండేళ్ళు, మహా అయితే మూడేళ్ళు. ఆ తరవాత ఏ వలైనా కుళ్ళాల్సిందే. అందుకే ఒక వల సముద్రంలో ఉండగానే అమ్మ వాకిట్లో రెండో వల మొదలెట్టేసేది.

ఇక్కడ మా పేట పద్ధతి ఒకటి చెప్పాలి. అది తెలియకపోతే నేను చేసిన పని ఎవరికీ తప్పుగా కనిపించదు. నాకూ కనిపించలేదు మరి.

తెప్ప ఒడ్డుకు చేరగానే ఇసుకలోనే పంపకం అయిపోయేది. వెళ్ళిన మనిషికి ఒక వాటా, తెప్పకు ఒక వాటా, వలకు ఒక వాటా. తెప్ప మా అయ్యది. వల మా అమ్మది. నూలు ఆమె చేపల గంప సంపాదనతో కొన్నది, అల్లింది ఆమె. కాబట్టి వల వాటా ఆమె గంపలో పడేది. కవళ్ళైనా, కానాగంతలైనా, సావళ్ళైనా, పడింది ఏ చేపైనా ఆ కుప్ప ముందు అమ్మ కూర్చుందంటే మా అయ్య కూడా అటు చూసేవాడు కాదు. ఆయన ఒట్టి కోపిష్టి మనిషి, ఇంట్లో ఆయన మాటే మాట. ఆ ఒక్క కుప్ప దగ్గర మాత్రం నోరు మెదిపేవాడు కాదు.

ఆ కుప్పలోంచి అమ్మ మొదట రెండు దోసిళ్ళు తీసి పక్కన ఉన్న ఇంకో గంపలో వేసేది. ఆ గంప మా పెద్దమ్మది, అమ్మకు సొంత అక్క. పెద్దనాన్నను సముద్రం తీసుకుపోయింది. పిల్లల్లేరు. ఆ రెండు దోసిళ్ళు అమ్ముకునే ఆవిడ బతికేది. కానీ పౌరుషం మాత్రం పది మందికి పంచగలిగినంత ఉండేది. "నా సెల్లి కట్టిన వల, నా సెల్లి పాలు. అందులోది తింతాను. నా మరిది సొమ్ము ముట్టుకుంతే నా సెయ్యి పడిపోవాల" అనేది. మా వాళ్ళు వాటాను పాలు అంటారు. నిజంగానే మా అయ్య వాటాలోంచి ఒక్క చేప కూడా ఆవిడ ఏనాడూ తీసుకోలేదు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా అమ్మ పెట్టేది, అవతలి వాళ్ళు అడగాల్సిన అవసరం రాకుండా పెట్టేది. ఆమె కూడా ఎవర్నీ అడగకుండా పెట్టేది. ఇది నాకు అర్థమయ్యేసరికి అంతా అయిపోయింది.

నాకు పోర్టులో కలాసీ ఉద్యోగం వచ్చింది. ఓడ వచ్చినప్పుడు లావుపాటి తాళ్ళు అందుకుని గట్టుకు కట్టే పని. మా పేటలో నెలజీతం తెచ్చుకున్నవాళ్ళు అప్పటికి వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఖాకీ నిక్కరు వేసుకుని బయల్దేరితే నేనే పోర్టును నడుపుతున్నట్టుండేది నా నడక. కొత్తల్లో అమ్మ మధ్యాహ్నం చేపల గంప ఖాళీ చేసుకుని, దారిలో నా క్యారేజీ గేటు దగ్గర ఇచ్చి పోయేది. ఒకరోజు నాతో పనిచేసే కంచరపాలెం కుర్రాడు ఆమె చేతులు చూశాడు.

"ఏటి బావా, మీ అమ్మ సేతులు కాలిపోనాయా ఏటి?"

పాపం, వాడు జాలిగానే అడిగాడు. నాకే తల కొట్టేసినట్టయింది. "కాలిపోనేదు, అది వల రంగు" అని చెప్పి ఊరుకోవచ్చు కదా. "ఆ, కాలినాయి" అన్నాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి, రేపట్నుంచి క్యారేజీ తేవద్దు, నేనే పట్టుకుపోతానని అమ్మకు చెప్పాను. "ఎండలో నీకెందుకమ్మా" అన్నాను. ఆమె సంబరపడిపోయింది, కొడుక్కి తన మీద ఎంత బెంగో అని.

అప్పుడే నా బుర్రలో నైలాన్ వల పడింది. పేటలో ఇద్దరు ముగ్గురు కొన్నారు. ఉడకబెట్టక్కర్లేదు, రంగు వేయక్కర్లేదు, ఆరబెట్టకపోయినా ఏమీ కాదు. నీళ్ళలో కనిపించదు గనక చేప తెలియక వచ్చి పడుతుంది. మా అయ్య రోజూ వాళ్ళ తెప్పల వైపు చూసి పళ్ళు నూరుకునేవాడు. నాకూ నచ్చింది. వల కొంటే అమ్మకు చాకిరీ తప్పుతుంది, అయ్యకు చేప ఎక్కువ పడుతుంది, ఆ చేతుల రంగూ పోతుంది. ఈ మూడింట్లో మొదటిదే నా మనసులో ఉందని అప్పుడు ప్రమాణం చేసి చెప్పేవాణ్ణి. ఇప్పుడు చెప్పలేను.

రేవు దగ్గర వలలు అమ్మే ఒక దుకాణం ఉండేది. జీతంలో దాచుకున్నది ముందే తీసుకెళ్ళి చూపిస్తే షావుకారు తల అడ్డంగా ఊపాడు.

"సాలదు నాయనా. ఇంట్లో పాత వలుంటే తే. దాన్ని తీసుకుని ఇది ఇచ్చేత్తాను."

"కుళ్ళే వల నీకెందుకు?"

"ఆనందపురం రైతులు కొనుక్కెల్తారు. కూరమడుల మీద పరిత్తే కాకులు రావు, పందులు రావు."

అమ్మ అల్లిన వల అప్పటికి ఆరు నెలలది కూడా కాదు. వారం కిందటే రంగులో ముంచి తీసింది. అమ్మ చేపలు అమ్మడానికి వెళ్ళిన సమయం చూసి, నేనూ అయ్యా కలిసి ఆ వల మోసుకెళ్ళాం. షావుకారు దాన్ని ఇలా లాగి, అలా లాగి, "గట్టి సెయ్యిరా ఇది అల్లింది" అన్నాడు. నాకు గర్వంగా కూడా అనిపించింది. బేరం కలిసొస్తుందని.

సాయంత్రం అమ్మ వచ్చేసరికి వాకిట్లో తెల్లగా మెరుస్తూ నైలాన్ వల. నేను పక్కన నిలబడి పళ్ళికిలిస్తున్నాను. ఆమె గంప దించి, వంగి, వల చేతిలోకి తీసుకుంది.

"ఇంత తేలికేటిరా" అంది. ముఖంలో సంతోషమే కనిపించింది. ఆ తరవాత దండెం వైపు చూసింది. "నా వలేది?"

"ఇచ్చీసి ఇది తెచ్చినాను. ఇంక నువ్వు చెక్క ఉడకబెట్టక్కర్లేదమ్మా. సేతులు తెల్లగైపోతాయి సూడు."

అమ్మ కొత్త వల కన్నుల్లో వేలు పెట్టి ముడులు తడుముతూ కూర్చుంది. మిషన్ వేసిన ముడులు, అన్నీ ఒకలాగే ఉన్నాయి.

"నన్నొక మాట అడగాల్సింది గదరా" అంది. అంతే. పొయ్యి వెలిగించడానికి లేచింది.

మర్నాడు పొద్దున్నే ఇసుకలో కొత్త వల పూజ. మా పేటలో కొత్త వల ఏదైనా మొదటిసారి సముద్రం చూసే ముందు పసుపు నీళ్ళు చల్లి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టాలి. ఆ తరవాత పేట పెద్ద అందరి ముందూ అడుగుతాడు, ఈ వల ఎవరిదని. మూడుసార్లు అడుగుతాడు, మూడుసార్లు చెప్పాలి. చెప్పింది గంగమ్మ వింటుందని నమ్మకం. ఆ మాట ఇక మారడానికి వీల్లేదు, వల కుళ్ళేదాకా. మాట మారిస్తే వలకు చేప పడదంటారు. అన్నదమ్ములు కొట్టుకోకుండా పూర్వం ఎవరో పెట్టుకున్న కట్టుబాటు. మంచిదే. నూలు వలలు రెండేళ్ళకో మూడేళ్ళకో కుళ్ళిపోతాయి గనక, ఏ తప్పు మాటైనా అంతకన్నా ఎక్కువ కాలం బతికేది కాదు.

అమ్మ తన గంప పట్టుకుని ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. పక్కన పెద్దమ్మ, ఆవిడ గంప.

పేట పెద్ద కొబ్బరినీళ్ళు వల మీద పోసి అడిగాడు. "ఈ వల ఎవలిది?"

అయ్య నా వైపు చూశాడు. అందరూ నా వైపే చూశారు. నిక్కరు ఇస్త్రీ చేయించుకుని మరీ వచ్చాను ఆ రోజు.

"నాది" అన్నాను.

"ఎవలిది?"

"నాదే."

మూడోసారి అడిగేటప్పుడు ఆయన కొంచెం ఆగాడు. మా అమ్మ వైపు ఒకసారి చూసి నా వైపు తిరిగాడు. నాకు దారి చూపిస్తున్నాడని తెలుసుకోలేకపోయాను. సరిగ్గా వినపడలేదేమో అనుకుని గొంతెత్తి అరిచాను.

"నాదే పెద్దయ్యా! నా జీతంతో కొన్నాను!"

జనం నవ్వారు, ఎవరో ఈల వేశారు. "అమ్మది" అనడానికి ఎంతసేపు పడుతుంది? మూడు అక్షరాలు. వెనక్కి తిరిగి అమ్మ ముఖం చూడాలని కూడా తోచలేదు నాకు.

ఆ రోజు కానాగంతలు విరగబడ్డాయి. పంపకంలో వల వాటా ఎప్పటికన్నా రెండింతలుంది. అలవాటు కొద్దీ అమ్మ ఆ కుప్ప ముందుకొచ్చి వంగింది. వంగినదల్లా ఆగింది. మళ్ళీ నిటారుగా నిలబడి గంప చంకలో పెట్టుకుంది.

"ఎత్తుకోమ్మా" అన్నాను, ఎంతో ఉదారంగా.

"నీ పాలు రా అది" అంది. ఆ చేపలన్నీ అయ్య కుప్పలోకి తోసి, ఇంటి చేపల్లాగే అమ్ముకొచ్చింది. పెద్దమ్మ అప్పటికే ఖాళీ గంప పట్టుకుని ఇసుకలో చాలా దూరం వెళ్ళిపోయింది. ఎక్కడికి పోతున్నావని ఎవరూ పిలవలేదు. అమ్మ మాత్రం ఆవిడ కనుమరుగయ్యేదాకా చూసింది.

పది రోజులు గడిచాక అనుకుంటాను, నేను డ్యూటీకి బయల్దేరుతుంటే అమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. ఏదో చెప్పాలని వచ్చి ఆగిపోయినట్టుంది. చేతులు చెంగులో చుట్టుకుంది. రంగు కాస్త వెలిసిపోయి ఉన్నాయి అప్పటికే.

"ఒరే గుంటడా, నీ పాల్లోంచి ఓ రెండు సేపలు మీ పెద్దమ్మకి ఇమ్మంతావా?"

మా అమ్మ నన్ను అడిగింది. పుట్టిన దగ్గర్నుంచీ నేను ఆమెను అడగడమే తప్ప, ఆమె నన్ను ఏదీ అడగ్గా నేను ఎరగను. "దానికి అడగడమేటమ్మా, ఇచ్చీ" అని విసుక్కున్నాను. ఓడ వేళవుతోంది నాకు. ఆమె తల ఊపి లోపలికి పోయింది. ఆ విసుగు ఇప్పటికీ నా నోట్లో చేదుగానే ఉంది.

ఆ చేపలు పెద్దమ్మ పుచ్చుకోలేదు. "నిన్నటిదాకా నా సెల్లి పెట్టింది. ఇవాళ దాని కొడుకుని అడిగి పెడతాదా? ఒద్దు" అని గుమ్మంలోనే వెనక్కి పంపేసింది. హార్బరులో రొయ్యలు ఒలిచే షెడ్డులో కూలికి కుదిరింది. రోజంతా ఐసు నీళ్ళలో చేతులు. రెండేళ్ళు తిరిగేసరికి వేళ్ళు వంకర్లు పోయి, గాజులు కూడా ఎక్కేవి కాదు. నేను ఒకరి చేతులు తెల్లబరచబోయి ఇంకొకరి చేతులు పాడుచేశాను.

అమ్మ ఊరికే కూర్చోలేదు. కొంత నూలు కొని మళ్ళీ వల మొదలెట్టింది. సగం అల్లేసరికి అయ్య చూసి నవ్వాడు. "నైలానుండగా ఈ బరువు ఎవడు మోత్తాడే? సేపలన్నీ దీన్ని సూసి పారిపోతాయి." కొత్తొక వింత, పాతొక రోత. ఆ సగం వల చాలా ఏళ్ళు మా ఇంటి దూలానికి వేలాడింది. ఉల్లిపాయలు వేసుకునేవాళ్ళం అందులో.

ఇదంతా చూస్తూ నేనేమీ చేయలేదని కాదు. ఏడాదిన్నర తరవాత పేట పెద్ద ఇంటికి వెళ్ళాను. వల అమ్మ పేర మార్చమన్నాను. ఆయన అరుగు మీద కూర్చుని, చుట్ట కాలే కొస నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తున్నాడు. చుట్ట నోట్లోంచి తీసి నన్ను పైనుంచి కింద దాకా చూశాడు.

"మూడుసార్లు అడిగినాను గదరా నిన్ను."

"తెలీక అన్నాను పెద్దయ్యా."

"తెలిసే అన్నావు. సరే, ఇప్పుడేటి సేత్తాం? మాట మారిత్తే నీ ఒక్కడి తెప్పకి కాదు, పేటకంతటికీ సేటు. వల కుళ్ళనీ. అప్పుడు కొత్తది తెచ్చి మీ అమ్మ పేరు సెప్పు."

ఇద్దరం తలలూపాం. రెండేళ్ళో మూడేళ్ళో, ఎంతలో తిరిగొస్తాయి అనుకున్నాం. నైలాన్ కుళ్ళదని ఆయనకు తట్టలేదు. కుళ్ళదని గొప్పలు చెప్పి తెచ్చినవాణ్ణి, నాకూ తట్టలేదు.

మరి ఇంకో కొత్త వల కొని అమ్మ పేరు చెప్పొచ్చు కదా అని మీరడగొచ్చు. నన్ను నేను అడగని రోజు లేదు. కొందామనుకున్న ఏడాది నాకు పెళ్ళయింది. తరవాతి ఏడాది ఇల్లు కప్పించాం. "బంగారంలాటి వలుండగా ఇంకోటెందుకురా" అనేవాడు అయ్య. ఇవన్నీ సాకులు. అసలు సంగతి ఏమిటంటే, అమ్మ ఎప్పుడూ ఏడవలేదు, పోట్లాడలేదు. ఏడవని మనిషి బాధ వాయిదా వేయడం చాలా తేలిక.

ఎనభైల్లో నాకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం మారింది. కొన్నాళ్ళకు ఉక్కునగరంలో క్వార్టరు ఇచ్చారు. రెండు గదులు, కుళాయి, వెనకాల చారెడు పెరడు. పేట వదిలేశాను, సముద్రం వదిలేశాను, షిఫ్టుల్లో పడి చేపల వేళలే మరిచిపోయాను. వల వాటా మాత్రం నన్ను వదల్లేదు. నెలకోసారి అమ్మ రెండు బస్సులు మారి వచ్చేది. గంపలో అడుగున ఎండుచేపలు, పైన ఆకు కప్పి పచ్చి చేపలు. బస్సులో వాసనని జనం తిట్టేవారట, వెనక సీట్లో కూర్చోబెట్టేవారట. నా భార్య చేతికి గంప ఇస్తూ ప్రతిసారీ ఒకే మాట అనేది.

"ఇదిగో, నీ మొగుడి పాలు."

ఎన్నోసార్లు చెప్పాను, వద్దమ్మా, నువ్వే ఉంచుకో అని. "అందరి ముందూ సెప్పిన మాట గదరా" అనేది. కోపంగా కాదు, మామూలుగానే. అప్పు తీర్చడానికి వచ్చిన పరాయి మనిషిలాగా మా అమ్మ నా గుమ్మంలో నిలబడేది. ఆమె నా దగ్గర తీసుకున్నది ఏదీ లేదు. తీసుకున్నవాణ్ణి నేను.

పెద్దమ్మ పోయినప్పుడు నేను నైట్ షిఫ్టులో ఉన్నాను. కబురందుకుని వెళ్ళేసరికి అంతా అయిపోయింది. అమ్మ ఇసుకలో ఒక్కతే కూర్చుని ఉంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. రంగు ఆనవాలు కూడా లేదు, తెల్లగా, మెత్తగా, ఎవరివో చేతుల్లా ఉన్నాయి. నేను కోరుకున్నట్టే ఉన్నాయి. వాటిని పట్టుకుని ఏడ్చాను. "మీ పెద్దమ్మకి కోపమేటీ నేదురా, సేపలంతే పేణం దానికి, అంతే" అంది.

అయ్య సముద్రం మానేశాక తెప్ప దుంగలు ఎవరికో ఇచ్చేశాడు. వల ఇవ్వలేకపోయాడు, అది ఆయనది కాదుగా. అమ్మ దాన్ని మూటగట్టి, మనిషిని తోడు తెచ్చుకుని, ఉక్కునగరం మోయించుకొచ్చింది. "నీది నీకు అప్పసెప్పీసినాను" అంది. చిక్కుడు పాదుకు బాగుంటుందని నా భార్య పెరట్లో కర్రలు పాతించి దాన్ని కట్టింది. ఆనందపురం మడుల మీద అమ్మ నూలు వల ఏనాడో మన్నైపోయి ఉంటుంది. అది కూరగాయలకు కాపలా కాచిందో లేదో తెలియదు గానీ, దాని పని అది చేసి పోయింది.

ఆ మధ్యాహ్నం అన్నం తిన్నాక అమ్మ పెరట్లోకి వెళ్ళింది. వెనకే నేనూ వెళ్ళాను. పాదు దగ్గర నిలబడి, రెండు చేతులతో వల పట్టుకుని గట్టిగా లాగింది. ఇంకోచోట పట్టుకుని లాగింది. నన్ను చూసి నవ్వింది.

"ఏటిరా ఇది, ఇంకా కుళ్ళనేదు."

అప్పుడు అర్థమైంది నాకు. పేట పెద్ద చెప్పిన మాట ఆమెకు ఎవరో చెప్పారు. ఇన్నేళ్ళూ ఆమె ఆ వల ఎప్పుడు కుళ్ళుతుందా అని చూస్తూనే ఉంది. నేను మరిచిపోయిన మాట కోసం కాచుకుని ఉంది. "అమ్మా, రేపే కొత్తది కొంటాను, నీ పేరు చెబుదాం" అన్నాను. "ఇప్పుడెవులెల్తారురా సేపల ఏటకి" అని చెంగుతో చేతులు తుడుచుకుని లోపలికొచ్చింది. ఆ వానాకాలంలోనే అమ్మ పోయింది.

ఆ వల చాలా పాదులు మోసింది. చిక్కుడు, బీర, దొండ. ఎండకు కాస్త పసుపు తిరిగింది గానీ ఒక్క కన్ను తెగలేదు. కిందటి వానలప్పుడు కూడా రెండు చేతులతో పట్టుకుని లాగి చూశాను. నా వేళ్ళే కోసుకుపోయాయి. వల కుళ్ళలేదు.